కాళ్ళు అప్పగించడం: బ్రెట్ హార్ట్, షాన్ మైకేల్స్ మ్యాచ్‌లు మళ్ళీ చూస్తే

రెజ్లింగ్ ట్రంప్ కార్డులు ఆడిన వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, చేతిలో యోకోజునా కార్డు పడితే వెయిట్ అని అరిచేవాళ్ళం, అండర్‌టేకర్ పడితే హైట్ అనేవాళ్ళం, బ్రెట్ హార్ట్ కార్డో షాన్ మైకేల్స్ కార్డో వచ్చిందంటే మాత్రం ఏం అడగాలో తెలీక కాసేపు అటూ ఇటూ తిప్పి చూసుకునేవాళ్ళం. కొండల్లాంటి మనుషుల మధ్య వీళ్ళిద్దరూ మామూలు సైజు మనుషులు. కానీ టీవీలో మ్యాచ్ వస్తే మాత్రం రెప్ప కొట్టకుండా చూసింది వీళ్ళనే.

మా బాబాయ్ పక్కనే కూర్చుని పేపర్ చదువుకుంటూ ఒకటే మాట అనేవాడు, "ఒరేయ్ అదంతా దొంగాట రా, ఎవడు గెలవాలో ముందే మాట్లాడుకుంటారు" అని. నాకు ఏడుపొచ్చినంత పనయ్యేది. ఇన్నేళ్ళ తర్వాత చెప్తున్నా, బాబాయ్ చెప్పింది నిజమే, ముందే మాట్లాడుకుంటారు. గెలుపోటములు కంపెనీ ఆఫీసులో డిసైడ్ అవుతాయి. అయితే అది తెలిసాక నాకు వీళ్ళ మ్యాచ్‌లు ఇంకా ఎక్కువ నచ్చాయి, ఎందుకో చెప్పాలంటే ఈ ఇద్దరి కథ మొదటి నుంచీ విప్పాలి, మధ్యలో మాంట్రియల్ అనే పెద్ద ముడి ఒకటుంది, ఫ్యాన్స్ దాని గురించి ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉంటారు.

ముందు ఈ దొంగాట సంగతి చూద్దాం. మా తాతయ్య వాళ్ళ ఊళ్ళో పద్యనాటకం వేస్తే జనం తెల్లార్లూ కూర్చుని చూసేవాళ్ళంట. రాయబారం ఫెయిల్ అవుతుందని, చివరికి యుద్ధం జరిగి తీరుతుందని అక్కడ చంటిపిల్లాడికి కూడా తెలుసు. అయినా కృష్ణుడి వేషగాడు రాగం తీస్తే వన్స్ మోర్ అని ఈలలేస్తారు, పక్క ఊరి కృష్ణుడు ఇంతకంటే బాగా పాడాడని పొద్దున టీ కొట్టు దగ్గర వాదించుకుంటారు. రెజ్లింగ్‌ని రివ్యూ చెయ్యడం అంటే అలాంటిదే. ఎవడు గెలిచాడన్నది కాదు, ఎలా పాడాడన్నది. ఒక్క తేడా ఏంటంటే ఇక్కడ రాగం తీసేది గొంతుతో కాదు, మెడతో, వెన్నెముకతో, మోకాళ్ళతో.

సప్లెక్స్ అనే పట్టు తీసుకోండి, అవతలి మనిషిని తలకిందులుగా పైకి లేపి వెనక్కి పడేస్తారు కదా, వంద కిలోలు దాటిన మనిషి తనంతట తను ఎగిరితే తప్ప అది అంత అందంగా రాదు, లేచిన తర్వాత మాత్రం అతని మెడ పూర్తిగా లేపినవాడి చేతిలో ఉంటుంది. నేల మీద పడ్డప్పుడు వీపు మొత్తం ఒకేసారి ఆనేలా పడాలి, దాన్ని బంప్ అంటారు, రింగ్ కింద ఉండేది చెక్కా ఇనుమూ, పైన పల్చటి పరుపు, అంతే. దెబ్బ తగిలినట్టు చూపించడం సెల్లింగ్. తల చంకలో ఇరికించి హెడ్‌లాక్ పట్టి నిమిషాల కొద్దీ ఉంటారు చూడండి, ఆయాసం తీర్చుకుంటూ తర్వాత ఏం చెయ్యాలో చెవిలో చెప్పుకునేది అప్పుడే, రెఫరీ కూడా వెనక నుంచి వచ్చిన మాటలు వీళ్ళకి మోస్తూ ఉంటాడు. అనుకున్న ప్రకారం జరిగేదాన్ని వర్క్ అంటారు, అనుకోకుండా నిజంగా జరిగేదాన్ని షూట్ అంటారు, బయట జనం ముందు ఇదంతా నిజమే అన్నట్టు కాపాడుకునే కట్టుబాటు పేరు కేఫేబ్. మంచివాడు బేబీఫేస్, చెడ్డవాడు హీల్. ఇంకొక్క మాట చాలా ముఖ్యం, పుట్ ఓవర్. అంటే నేను ఓడిపోయి నిన్ను పైకెత్తడం. ఇవాళ నేను నిన్ను ఎత్తితే రేపు నువ్వు నన్ను ఎత్తాలి, రాతకోతలు ఏమీ ఉండవు, మాట మీదే నడిచే బాకీ.

బ్రెట్, షాన్ గొడవంతా ఈ బాకీ గురించే.

బ్రెట్‌ది కెనడాలో కాల్గరీ. నాన్న స్టూ హార్ట్‌కి స్టాంపీడ్ రెజ్లింగ్ అనే సొంత కంపెనీ ఉండేది, పన్నెండు మంది పిల్లలు, ఇంటి కింద సెల్లార్‌లో కుర్రాళ్ళకి ట్రైనింగ్, ఆ గదిని డంజన్ అనేవాళ్ళు, అక్కడ పట్టులు ఉత్తుత్తివి కాదు, నొప్పికి కేకలు పెట్టేవాళ్ళని చెప్పుకుంటారు. అలాంటి ఇంట్లో పెరిగినవాడికి రెజ్లింగ్ అంటే కులవృత్తి లెక్క. పింకూ నలుపూ డ్రెస్సు, తడి జుట్టు, రింగ్‌లోకి వచ్చేటప్పుడు ముందు వరసలో ఉన్న చిన్నపిల్లలకి తన కళ్ళజోడు ఇచ్చేవాడు. ఇన్నేళ్ళ కెరీర్‌లో ఎదుటి మనిషిని ఎప్పుడూ పెద్ద దెబ్బ తగిలేలా గాయపరచలేదని చెప్పుకోవడం ఆయనకి అన్నిటికంటే గర్వం, బెల్టుల కంటే కూడా.

షాన్ అసలు పేరు మైకేల్ షాన్ హికెన్‌బాటమ్, పెరిగింది టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో. హోసే లొథారియో దగ్గర నేర్చుకున్నాడు, మార్టీ జానెటీతో కలిసి రాకర్స్ అనే జోడీగా పేరు తెచ్చుకున్నాడు, 1992 జనవరిలో ప్రసారమైన ఎపిసోడ్‌లో ఆ పార్ట్‌నర్‌నే తన్ని మంగలి షాపు సెట్టు అద్దంలోంచి విసిరేసి హీల్ అయ్యాడు. బ్రెట్ కంటే ఎనిమిదేళ్ళు చిన్న. అహంకారం, అందం, గాల్లో తేలే ఒళ్ళు. ఇద్దరి తేడా ఒక్క ముక్కలో చెప్పమంటే, బ్రెట్ కొడితే నమ్ముతాం, షాన్ పడితే నమ్ముతాం. అందుకే ఈ ఇద్దరూ ఎదురుపడితే అంత బాగా కుదిరింది.

మొదట చెప్పుకోవాల్సింది 1992 జులై 21, మెయిన్ రాష్ట్రంలో పోర్ట్‌లాండ్. వీళ్ళిద్దరూ ఆడిన అమెరికా కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌లో (ఇప్పటి డబ్ల్యూడబ్ల్యూఈ) జరిగిన మొట్టమొదటి ల్యాడర్ మ్యాచ్ ఇదే. బెల్టుని పైన వేలాడదీస్తారు, నిచ్చెన ఎక్కి ఎవడు అందుకుంటే వాడిది. స్టాంపీడ్‌లో ఇలాంటివి చూసి పెరిగిన బ్రెట్ ఈ ఐడియాని ఇక్కడికి తెచ్చాడు, కంపెనీలో రెండో పెద్ద బెల్టయిన ఇంటర్‌కాంటినెంటల్ బెల్టు తనే నిలబెట్టుకున్నాడు. ఇప్పటి ల్యాడర్ మ్యాచ్‌లు చూసిన కళ్ళకి ఇది చప్పగా అనిపిస్తుంది, నిచ్చెనని ఎలా వాడాలో ఇద్దరూ అక్కడికక్కడే కనిపెడుతున్నట్టు ఉంటుంది. రెండేళ్ళకి మ్యాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో కంపెనీ ఏడాదికోసారి చేసే అతి పెద్ద షో రెసిల్‌మేనియా 10లో షాన్, రేజర్ రామోన్‌తో ల్యాడర్ మ్యాచ్ ఆడితే లోకమంతా దాన్ని నెత్తిన పెట్టుకుంది, బ్రెట్‌కి అక్కడ కాస్త మనసు కష్టపడిందంటే నాకు ఆశ్చర్యం లేదు.

అదే ఏడాది నవంబర్ 25న ఒహాయోలోని రిచ్‌ఫీల్డ్‌లో సర్వైవర్ సిరీస్. అంతకు నెలన్నర ముందే సస్కటూన్‌లో రిక్ ఫ్లేర్‌ని ఓడించి బ్రెట్ మొదటిసారి పెద్ద ఛాంపియన్ అయ్యాడు, షాన్ కొత్తగా ఇంటర్‌కాంటినెంటల్ ఛాంపియన్. హల్క్ హోగన్ లాంటి భారీ ఆకారాల కాలం పోయి మామూలు సైజు మనుషులు మెయిన్ ఈవెంట్ ఆడటం అంటే అప్పటికి పెద్ద రిస్కు. నన్నడిగితే ఇద్దరి మధ్యా అన్నిటికంటే శుభ్రమైన మ్యాచ్ ఇదే. ఎక్కువ ఆర్భాటం లేదు, మొదట్లో బ్రెట్ చెయ్యి పట్టుకుని వదలడు, షాన్‌కి విసుగు పుట్టేదాకా అదే చేస్తాడు, చూసేవాళ్ళలో కొందరికి కూడా విసుగు పుడుతుంది, నేను ఒప్పుకుంటా, కానీ ఆ తర్వాత షాన్ ఎదురు తిరిగినప్పుడు అది నిజంగా విసిగిపోయినవాడి కోపంలా ఉంటుంది. చివర్లో షాన్ తాడు మీద నుంచి దూకుతాడు, బ్రెట్ గాల్లోనే రెండు కాళ్ళూ పట్టేసుకుని కింద పడేసి షార్ప్‌షూటర్ వేస్తాడు, షాన్ ఓటమి ఒప్పేసుకుంటాడు. అయిపోయింది.

ఈ షార్ప్‌షూటర్ గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే ఇద్దరి కథలో మూడు సార్లు తిరిగి తిరిగి వచ్చేది ఈ ఒక్క పట్టే. జపాన్‌లో రికీ చోషూ దీన్ని ఫేమస్ చేశాడు, అమెరికాలో స్టింగ్ స్కార్పియన్ డెత్‌లాక్ అని వేసేవాడు. అవతలివాడు వెల్లకిలా పడి ఉంటాడు, వాడి రెండు కాళ్ళ మధ్య మన ఒక కాలు పెట్టి, వాడి కాళ్ళని మన తొడ చుట్టూ అడ్డంగా మెలేసి, రెండింటినీ చంకలో ఇరికించి, వాడి మీదుగా దాటి బోర్లా తిప్పేసి, వీపు మీద కూర్చున్నట్టు వెనక్కి వాలాలి. ఒకసారి మెల్లగా వేసి చూసుకుంటే అర్థమవుతుంది, కింద ఉన్నవాడు కాళ్ళు బిగబట్టాడంటే, ఒక్క తన్ను తన్నాడంటే ఈ పట్టు పడదు. కాళ్ళు వదులుగా పెట్టి, మెలెయ్యనిచ్చి, తిప్పేటప్పుడు తనే కాస్త తిరగాలి. అంటే నువ్వు నా కాళ్ళని ఏం చెయ్యవు అన్న నమ్మకంతో అప్పగించాలి.

ఇక రెసిల్‌మేనియా 12. 1996 మార్చి 31, కాలిఫోర్నియాలోని ఆనహైమ్. ఐరన్ మ్యాన్ మ్యాచ్, 60 నిమిషాలు, ఆ గంటలో ఎవరు ఎక్కువ సార్లు గెలిస్తే వాళ్ళది బెల్టు. బ్రెట్ ఛాంపియన్. షాన్ స్టేడియం పైకప్పు దగ్గర నుంచి వైరు పట్టుకుని జారుతూ దిగాడు, అది చూసిన చిన్నప్పటి నేను ఆ రాత్రి నిద్రపోలేదు.

ఈ మ్యాచ్ మీద జనం రెండు ముక్కలుగా చీలిపోతారు. గంటసేపు ఆడి ఒక్క పిన్ (భుజాలు నేలకి అదిమి మూడు లెక్కపెట్టేదాకా ఉంచడం) కూడా లేకపోతే ఇంక ఐరన్ మ్యాన్ ఎందుకు, మొదటి అరగంట అంతా హెడ్‌లాకులూ ఆర్మ్‌లాకులేగా అంటారు ఒక వర్గం. వాళ్ళ మాటలో పస ఉంది, నేను కూడా కుర్రతనంలో మొదటి భాగం ఫాస్ట్ ఫార్వర్డ్ కొట్టే చూసేవాణ్ణి. పెద్దయ్యాక ఒకరోజు జ్వరంతో పడుకుని మొత్తం గంటా ఆపకుండా చూశా, అప్పుడు అర్థమైంది అది ఎలా కట్టారో. మొదటి భాగంలో ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు తూకం వేసుకుంటున్నారు, షాన్ అందరూ అనుకున్నట్టు ఎగరకుండా, నేను కూడా నీ ఆట ఆడగలను అన్నట్టు బ్రెట్ చేతిని పట్టి కూర్చుంటాడు, అంటే ఎగిరేవాడు నేల మీద పోరాడుతున్నాడు. రెండో భాగంలో బ్రెట్ షాన్ నడుం మీద పడతాడు. ఒక దెబ్బ తర్వాత ఒక దెబ్బ, అన్నీ అదే చోట. ఎందుకంటే షార్ప్‌షూటర్ నడుం విరిచే పట్టు, రాబోయే దానికి పొలం దున్నుతున్నాడు. బ్రెట్ దగ్గర నాకు బాగా నచ్చేది ఇదే, ఊరికే ఒక మూవ్ వెయ్యడు, ప్రతిదానికీ తర్వాత లెక్క తేలుతుంది. షాన్ వైపు నుంచి చూస్తే, నడుం పట్టేసినవాడు ఎలా లేస్తాడో, తాడు పట్టుకుని ఎలా నిలబడతాడో ఆ నలభయ్యో నిమిషంలో కూడా మర్చిపోడు, అంత అలసటలో కూడా సెల్లింగ్ తప్పడు. దమ్ము సంగతి వదిలెయ్యండి, ఆ గుర్తుపెట్టుకోవడం మామూలు విషయం కాదు.

చివరి నిమిషం. షాన్ పై నుంచి దూకుతాడు, బ్రెట్ మళ్ళీ రెండు కాళ్ళూ పట్టేస్తాడు, సరిగ్గా 1992లో జరిగినట్టే. అది చూసినవాళ్ళకి గుండె జారిపోతుంది, ఎందుకంటే పోయినసారి ఇక్కడే షాన్ లొంగిపోయాడు. షార్ప్‌షూటర్ పడింది, ఇంకా అర నిమిషం ఉంది, పైన గడియారం నడుస్తూ ఉంటుంది, షాన్ మొహం పరుపుకి ఆని, జుట్టంతా చెమటకి అతుక్కుపోయి, చేతులతో తాడు కోసం గీరుతూ ఉంటాడు, రెఫరీ ఎర్ల్ హెబ్నర్ వంగి ఒప్పుకుంటావా అని అడుగుతూ ఉంటాడు, షాన్ ఒప్పుకోడు, టైమ్ అయిపోతుంది. నాలుగేళ్ళలో ఈ కుర్రాడు ఎంత గట్టిపడ్డాడో చెప్పడానికి ఒక్క డైలాగ్ అక్కర్లేకుండా అదే పట్టుతో చెప్పేశారు. నాకు ఇప్పటికీ అక్కడ ఒళ్ళు జలదరిస్తుంది.

టై కాబట్టి బెల్టు నాదే అని బ్రెట్ పట్టుకెళ్ళిపోతుంటే, ప్రెసిడెంట్ పాత్రలో ఉన్న గొరిల్లా మాన్సూన్ వచ్చి కుదరదు, తేలేదాకా ఆడాల్సిందే అని వెనక్కి పంపిస్తాడు. గడ్డం మీద కాలితో తన్నే షాన్ పేటెంట్ దెబ్బ సూపర్‌కిక్‌లు రెండు, షాన్ ఛాంపియన్. మొత్తం కలిపి దాదాపు 62 నిమిషాలు. ఈ రీస్టార్ట్ నాకు అప్పుడూ నచ్చలేదు ఇప్పుడూ నచ్చలేదు, బ్రెట్‌కి అన్యాయం జరిగినట్టు కనిపిస్తుంది, గెలిచినవాడి సంతోషం కూడా పలచబడింది. కానీ అసలు సంగతి గుర్తుపెట్టుకోండి, ఆ రాత్రి బ్రెట్ తన బాధ్యత పూర్తిగా చేశాడు. గంటకి పైగా కష్టపడి, ఓడిపోయి, షాన్‌ని పైకెత్తాడు. ఇప్పుడు బాకీ షాన్ మీద ఉంది.

ఆ బాకీ తీరలేదు.

బ్రెట్ కొన్ని నెలలు విశ్రాంతి తీసుకున్నాడు. అప్పటికి రెండు కంపెనీల టీవీ షోల మధ్య సోమవారం రాత్రుల యుద్ధం మంచి వేడి మీద ఉంది, ఎదుటి కంపెనీ డబ్ల్యూసీడబ్ల్యూ రేటింగ్స్‌లో ముందుకెళ్ళిపోయింది, కెవిన్ నాష్, స్కాట్ హాల్ లాంటి పెద్ద స్టార్లు అటు దూకేశారు. బ్రెట్‌కి కూడా అక్కణ్ణుంచి మిలియన్లలో ఆఫర్ వచ్చింది, అది వదిలేసుకుని డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ఓనర్ విన్స్ మెక్‌మాన్ ఇస్తానన్న 20 ఏళ్ళ కాంట్రాక్టుకి సంతకం పెట్టాడు, తక్కువ డబ్బుకి. రెసిల్‌మేనియా 13లో షాన్‌తో మళ్ళీ మ్యాచ్ ఉంటుంది, ఈసారి తను గెలుస్తాడన్నది బ్రెట్ నమ్మకం. 1997 ఫిబ్రవరి 13న షాన్ టీవీలోకి వచ్చి మోకాలికి దెబ్బ తగిలింది, నా నవ్వు ఎక్కడో పోగొట్టుకున్నా అని బెల్టు వదిలేశాడు. నిజంగా మోకాలు అంత పాడైందా లేక బ్రెట్ చేతిలో ఓడిపోవడం ఇష్టం లేకనా అన్నది ఫ్యాన్స్ ఇప్పటికీ తేల్చుకోలేదు, బ్రెట్ అయితే రెండోదే అని నమ్మాడు.

ఇక్కణ్ణుంచి వర్క్‌కీ షూట్‌కీ మధ్య గోడ కూలిపోయింది. మైకులో ఒకళ్ళ ఇంటి సంగతులు ఒకళ్ళు లాగారు, షాన్ టీవీలో సన్నీ డేస్ అని, సన్నీ అనే కంపెనీ అమ్మాయితో సంబంధం అంటగడుతూ బ్రెట్ కాపురం మీదకి వచ్చే మాట ఒకటి వదిలాడు, జూన్‌లో హార్ట్‌ఫర్డ్‌లో డ్రెస్సింగ్ రూమ్‌లో నిజంగానే జుట్లు పట్టుకుని కొట్టుకున్నారు. అదే టైమ్‌లో కథలో బ్రెట్‌ని అమెరికాలో విలన్‌గా, కెనడాలో దేశభక్తుడైన హీరోగా నడిపిస్తున్నారు. ఇది చాలామంది వదిలేసే పాయింటు, కానీ మాంట్రియల్ అర్థం కావాలంటే ఇదే తాళంచెవి. ఒక పాత్ర ఒక దేశం మొత్తానికి ప్రతినిధి అయిపోయింది, బ్రెట్ కూడా దాన్ని మనసుకి తీసుకున్నాడు. మరీ ఎక్కువగా తీసుకున్నాడనేవాళ్ళు ఉన్నారు, నిజమే కావచ్చు, కానీ వేషం కట్టినవాడు వేషాన్ని అంత నమ్మకపోతే మనం మాత్రం ఎందుకు నమ్ముతాం?

శరత్కాలానికి విన్స్ బ్రెట్‌ని పిలిచి ఆ 20 ఏళ్ళ కాంట్రాక్టు నేను మొయ్యలేను, కావాలంటే అటు మాట్లాడుకో అన్నాడు. బ్రెట్ మాట్లాడుకున్నాడు, సంతకం పెట్టాడు. చిక్కల్లా ఏంటంటే అప్పటికి బెల్టు మళ్ళీ ఇతని నడుం మీద ఉంది. 1995 డిసెంబర్‌లో మెడూసా అనే లేడీ రెజ్లర్ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ మహిళల బెల్టుని అవతలి కంపెనీ షోకి తీసుకెళ్ళి లైవ్‌లో చెత్తబుట్టలో పడేసింది, విన్స్‌కి ఆ దృశ్యం కళ్ళ ముందే ఉంది. బ్రెట్ అలా చేసే మనిషి కాదు, బెల్టు ఇచ్చేస్తా, ఇంకెవరి చేతిలోనైనా ఓడిపోతా, కెనడాలో మాత్రం షాన్ చేతిలో ఓడిపోను అన్నాడు. ఆఖరి 30 రోజులకి తన పాత్ర ఎలా నడవాలో చెప్పే హక్కు అతని కాంట్రాక్టులో ఉంది, అంటే ఊరికే మొండికెయ్యడం కాదు, రాసిచ్చిన హక్కు. ఎందుకు షాన్ చేతిలోనే వద్దన్నాడంటే, బ్రెట్ చెప్పే ప్రకారం అక్టోబర్‌లో ఒకరోజు తనే షాన్ దగ్గరికెళ్ళి నీకు ఓడిపోవడానికి నాకేం అభ్యంతరం లేదు అంటే, థాంక్స్, నేను మాత్రం నీకోసం ఆ పని చెయ్యను అని షాన్ మొహం మీదే అన్నాడు. తీసుకోవడమే తప్ప ఇచ్చేది లేదని ముందే చెప్పినవాడికి ఇంక ఎవరు అప్పిస్తారు?

1997 నవంబర్ 9, మాంట్రియల్, మోల్సన్ సెంటర్, 20 వేల పైన జనం. విన్స్, బ్రెట్ కూర్చుని ఒప్పుకున్న ప్లాన్ ప్రకారం మ్యాచ్ గందరగోళంగా, ఎవరూ గెలవకుండా ముగియాలి. వేడర్ అనే పాత కాపు బ్రెట్‌ని హెచ్చరించాడంట, ఎక్కువసేపు వెల్లకిలా పడుకోకు, ఓటమి ఒప్పించే సబ్మిషన్ పట్టులో ఇరుక్కోకు అని. రెఫరీ హెబ్నర్ బ్రెట్‌కి పాత స్నేహితుడు, నీకు ద్రోహం చెయ్యనని పిల్లల మీద ఒట్టేశాడని బ్రెట్ చెప్తాడు.

మ్యాచ్‌గా దీనికి నేను మార్కులు వెయ్యాలంటే మామూలు కంటే కాస్త పైన, అంతే. బెల్ కొట్టక ముందే కొట్టుకోవడం మొదలెట్టారు, జనంలోకి వెళ్ళి కొట్టుకున్నారు, షాన్ కెనడా జెండాని అవమానించాడు, స్టేడియం బుసలు కొడుతూ ఉంది. ఆ వేడి మాత్రం ఏ మ్యాచ్‌లోనూ లేదు. అసలు ఆట పన్నెండు నిమిషాలు దాటగానే ఆఖరి ఘట్టం వస్తుంది, ప్లాన్ ఏంటంటే రెఫరీ దెబ్బ తగిలి పడిపోతాడు, షాన్ బ్రెట్ పట్టునే బ్రెట్‌కి వేస్తాడు, బ్రెట్ దాన్ని తిప్పికొడతాడు, ఆ తర్వాత ఇద్దరి మనుషులూ రింగ్‌లోకి వచ్చి పడతారు.

ఇక్కడ రిమోట్ చేతిలో పెట్టుకుని చూడండి. బ్రెట్ వెల్లకిలా పడి ఉన్నాడు. షాన్ కాళ్ళు అందుకున్నాడు. బ్రెట్ కాళ్ళు వదులుగా ఇచ్చాడు, మెలెయ్యనిచ్చాడు, బోర్లా తిరిగాడు. ఒక ప్రొఫెషనల్ ఇంకొక ప్రొఫెషనల్‌కి ఇచ్చే నమ్మకం, ఇంత గొడవలో కూడా ఇచ్చాడు. షాన్ కూర్చున్నాడు. పడిపోయి ఉండాల్సిన హెబ్నర్ లేచి బెల్ కొట్టమని సైగ చేశాడు, రింగ్ పక్కనే నిలబడ్డ విన్స్ కూడా బెల్ కొట్టు అని అరిచాడు, సరిగ్గా అప్పుడే బ్రెట్ వెనక్కి చెయ్యి చాపి షాన్ కాలు లాగి పట్టు విడిపించుకుంటూ ఉన్నాడు. అంటే అతను ఇంకా ప్లాన్‌లోనే ఉన్నాడు, అవతల అందరూ ప్లాన్ బయట ఉన్నారు. బెల్ మోగింది, షాన్ పాట మొదలైంది. హెబ్నర్ అప్పటికే పరుగెత్తి బయటికెళ్ళిపోయాడు. బ్రెట్ మొహం చూడండి, కోపం కూడా ఇంకా రాలేదు, లెక్క సరిచూసుకుంటున్నట్టు ఉంటుంది. తర్వాత కిందకి వంగి విన్స్ మొహం మీద ఉమ్మేశాడు. గాల్లో వేలితో డబ్ల్యూసీడబ్ల్యూ అని రాశాడు. మానిటర్లు పగలగొట్టాడు. లోపలికెళ్ళాక డ్రెస్సింగ్ రూమ్‌లో విన్స్‌ని ఒక్క గుద్దు గుద్దాడు. అప్పటికి కొన్ని నెలలుగా ఒక డాక్యుమెంటరీ టీమ్ బ్రెట్ వెంట తిరుగుతూ ఉంది, ఆ మధ్యాహ్నం విన్స్ ఒప్పుకున్న మాటలు కూడా వాళ్ళ దగ్గర రికార్డయ్యాయి, కాబట్టి మాట ఇచ్చి తప్పారన్నదానిలో వాదనకి చోటు లేదు. షాన్ ఆ రాత్రి నాకేం తెలీదని బ్రెట్‌తో అన్నాడు, కొన్నేళ్ళ తర్వాత తెలుసని ఒప్పుకున్నాడు.

ఇది కూడా డ్రామాయే, బ్రెట్ కూడా కలిసే చేశాడు అనేవాళ్ళు కనిపిస్తుంటారు. నేను ఒప్పుకోను. డ్రామా అయితే లాభం ఎక్కడో బ్రెట్‌కి తగలాలి, అతనికి దక్కింది ఏమీ లేదు. లాభమంతా విన్స్‌కి. నెల తిరక్కముందే టీవీలో కూర్చుని బ్రెట్‌ని ముంచింది బ్రెట్టే అన్నాడు, జనం అసహ్యించుకున్నారు, ఆ అసహ్యాన్నే పట్టుకుని మిస్టర్ మెక్‌మాన్ అనే దుర్మార్గపు బాస్ పాత్ర పుట్టించాడు, స్టోన్ కోల్డ్ అనే రెజ్లర్ ఆ బాస్‌ని తంతుంటే లోకమంతా చప్పట్లు కొట్టింది, మనం ఇక్కడ కేబుల్ ముందు కూర్చుని కొట్టిన చప్పట్లూ అందులో ఉన్నాయి. మోసం చేసినవాడికి ఆ మోసమే పెట్టుబడి అయింది.

ఎవరిది తప్పు అని అడిగితే, విన్స్ భయం అర్థం చేసుకోగలను, కంపెనీ మునిగిపోయే పరిస్థితి. కానీ బెల్టు కాపాడుకోవడానికి వేరే దారులు ఉన్నాయి, బ్రెట్ తనే రెండు మూడు చెప్పాడు. విన్స్‌ది యజమాని చేసిన మోసం. హెబ్నర్‌ది స్నేహితుడు చేసిన మోసం. షాన్‌ది మాత్రం వేరే జాతి, అది రింగ్ లోపల, కాళ్ళు చేతిలో పెట్టినవాడికి చేసింది. దెబ్బ తగల్లేదు కదా, మోకాలు విరగలేదు కదా అంటారు. విరగలేదు. కానీ ఆ రోజు నుంచి లాకర్ రూమ్‌లో ప్రతివాడూ ఎవడైనా పట్టు వేసినప్పుడు ఒక కన్ను బెల్ వైపు పెట్టాల్సి వచ్చింది.

తర్వాత బ్రెట్ జీవితం చదివితే బాధేస్తుంది. డబ్ల్యూసీడబ్ల్యూలో అతన్ని సరిగ్గా వాడుకోలేదు. 1999 మేలో తమ్ముడు ఓవెన్ కాన్సస్ సిటీలో పై నుంచి దిగే స్టంట్‌లో పడి చనిపోయాడు. అదే ఏడాది డిసెంబర్‌లో గోల్డ్‌బర్గ్ అనే రెజ్లర్ కాలు తలకి తగిలి కంకషన్ (మెదడు అదిరిపోవడం), దానితో కెరీర్ ముగిసింది, ఎదుటివాణ్ణి ఎప్పుడూ గాయపరచలేదని గర్వపడే మనిషికి ఇలా. 2002లో సైకిల్ మీద నుంచి పడి స్ట్రోక్ వచ్చింది. షాన్ కూడా సుఖంగా లేడు, నడుం పాడై 1998 నుంచి నాలుగేళ్ళు ఆటకి దూరమయ్యాడు, ఆ మధ్యలో దేవుడి వైపు తిరిగాడు, 2002లో తిరిగొచ్చినవాడు పాత షాన్ కాదని అందరూ అంటారు.

2023 సెప్టెంబర్‌లో హైదరాబాద్ గచ్చిబౌలి స్టేడియంలో డబ్ల్యూడబ్ల్యూఈ షో జరిగినప్పుడు జాన్ సీనా వచ్చాడని ఊగిపోయిన పిల్లల్లో చాలామందికి బ్రెట్ హార్ట్ ఎవరో తెలీదు. వాళ్ళలో ఒకడు, మా అక్క కొడుకు, ఏది ముందు చూడాలి మావయ్యా అని అడిగితే 1992 సర్వైవర్ సిరీస్ నుంచి మొదలెట్టించా. రెండోది రెసిల్‌మేనియా 12, గంటా ఒకేసారి, ఫోన్ పక్కన పెట్టి. మూడోది మాంట్రియల్. మూడూ అయ్యాక వాడు ఏమీ అనలేదు, మళ్ళీ రెండోది పెట్టమన్నాడు, చివరి అర నిమిషం.

నాలుగోది మ్యాచ్ కాదు. 2010 జనవరి 4, ఒహాయోలో డేటన్. పన్నెండేళ్ళ తర్వాత బ్రెట్ కంపెనీ సోమవారం షో రా కి వచ్చి షాన్‌ని పిలిచాడు. ఇద్దరూ మైకులు పట్టుకుని జనం ముందే మాట్లాడుకున్నారు. చెయ్యి చాపుకున్నారు. ఒక్క క్షణం షాన్ సూపర్‌కిక్ వేస్తాడేమో అనిపిస్తుంది, జనం కూడా ఊపిరి బిగబట్టారు. బ్రెట్ చేతులు కిందే ఉన్నాయి, అడ్డం పెట్టుకోలేదు, పక్కకి జరగలేదు. షాన్ కాలు లేపలేదు. దగ్గరికొచ్చి కావిలించుకున్నాడు.